పాత లేజర్ పడవ కొనేముందు తెరచాప స్తంభం దిగే గొట్టంలో చెంబుడు నీళ్లు పోయండి

డాలస్ చుట్టుపక్కల పాత రేసింగ్ తెరచాప పడవ కోసం వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బులివ్వండి. 900 డాలర్లు వదిలించుకుని రాస్తున్నాను. అమ్మినాయన పేరు చెప్పను గానీ ప్రకటన వాలకం చెబుతాను: "1974 లేజర్, కొత్త పెయింట్, కొత్తగా రెండు ఇన్‌స్పెక్షన్ పోర్టులు, ట్రైలర్‌తో సహా. నీళ్లలో దించడమే తరువాయి." ఇన్‌స్పెక్షన్ పోర్టు అంటే పడవ లోపలికి చూడ్డానికి కోసి మూత పెట్టిన రంధ్రం.

ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకి తింటూ, హుస్సేన్‌సాగర్‌లో తిరిగే తెల్ల తెరచాపల్ని చూస్తూ పెరిగినవాణ్ణి. ఎప్పటికైనా ఒకటి కొనాలన్న కోరిక పాతికేళ్ల నాటిది. ఆ మోజులోనే మోసపోయాను.

వెళ్లి చూస్తే పడవ తళతళలాడుతోంది. దింపి చూద్దామని నేనూ మా బావమరిదీ చెరోవైపు పట్టుకున్నాం. "ఏంటి బావా, లోపల బియ్యం మూట గానీ పెట్టాడా?" అన్నాడు వాడు. ముక్కు పైకెత్తితే లోపల గలగలమంది. అమ్మేవాడు తడుముకోలేదు. "లోపలి ఫోమ్ దిమ్మలు వదులయ్యాయి, పాత పడవలన్నీ అంతే" అన్నాడు. ఫోమ్ దిమ్మ గలగలమని ఎందుకంటుందన్న అనుమానం ఇంటికొచ్చాక గానీ రాలేదు నాకు.

ఈ పడవకు ప్రాణమే తేలికదనం. 1969లో పడవలు తయారుచేసే ఇయాన్ బ్రూస్ ఫోన్ చేసి, కారు మీద కట్టుకెళ్లే పడవ కావాలంటే, పడవల డిజైనర్ బ్రూస్ కిర్బీ ఆ ఫోన్లో మాట్లాడుతూనే కాగితం మీద గీసిన బొమ్మ ఇది. పొడవు 4.23 మీటర్లు, ఖాళీ హల్, అంటే పడవ ఒళ్లు, 59 కిలోలు, 7 చదరపు మీటర్ల తెరచాప ఒక్కటే. రెండు ముక్కల మాస్ట్ (తెరచాప స్తంభం) కలిపి, దిండుకు గలీబు తొడిగినట్టు తెరచాప తొడిగి, డెక్‌లో, అంటే పడవ పైభాగంలో ఉన్న గొట్టంలోకి దించేస్తే అయిపోయింది. మాస్ట్‌ను పట్టి ఉంచే తీగలేవీ ఉండవు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో!

చిక్కంతా అక్కడే. తీగలు లేవు కాబట్టి గాలి బలమంతా ఆ ఒక్క గొట్టం మీదే పడుతుంది. దాన్నే మాస్ట్ స్టెప్ అంటారు. మాస్ట్ పైకొస వంగినప్పుడల్లా డెక్ దగ్గర ఒకవైపు, అడుగున ఇంకోవైపు తోస్తుంది, గునపం పెట్టి పెకలించినట్టు. ఏళ్ల తరబడి ఆ రాపిడికి, గొట్టంలో చేరిన ఇసుక ఒరిపిడికి అతుకు విడుతుంది, అడుగు అరుగుతుంది. నీళ్లు హల్‌లోకి దిగుతాయి. డెక్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఫోమ్ పెట్టి చేసింది. తడి చేరితే అది మెత్తబడిపోతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు, పెయింట్ వేస్తే అసలే తెలియదు.

మొదటి శనివారమే డాలస్‌లోని వైట్ రాక్ లేక్‌లో దించాను. గాలి బాగానే ఉంది. అరగంట హాయిగా నడిచింది. వెనక గాలిలో తెరచాప ఈ పక్క నుంచి ఆ పక్కకు తిరిగిందో లేదో, అప్పడం విరిగిన చప్పుడు. మాస్ట్ మెల్లగా ముందుకు వాలుతోంది, దాంతోపాటు డెక్ కూడా డబ్బా రేకు మూతలా లేచి వస్తోంది. ఎవరో పుణ్యాత్ముడు తాడు విసిరి ఒడ్డుకు లాక్కొచ్చాడు. చిరిగినచోట చెయ్యి పెడితే ఫోమ్ నానబెట్టిన బ్రెడ్డులా వేళ్లకు అంటుకుంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "ఉన్నది ఉన్నట్టే అమ్మాను కదా" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎత్తలేదు.

కాబట్టి, మీరు వెళ్లినప్పుడు ఒక చెంబు, ఒక టార్చి పట్టుకెళ్లండి. గొట్టం నిండా నీళ్లు పోసి పావుగంట ఆగండి. మట్టం చుక్క దిగినా వెనక్కి వచ్చేయండి. గొట్టం చుట్టూ డెక్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కండి, లోపలికి వంగినా కరకరమన్నా అంతే సంగతులు. వెనకవైపు బిరడా తీసి, నీళ్లు కారతాయేమో పడవను వాల్చి చూడండి. ఇద్దరు కష్టపడి ఎత్తాల్సి వస్తే అది తడి బరువే. ఆ ఇన్‌స్పెక్షన్ పోర్టుల్ని నేను అదనపు సౌకర్యం అనుకున్నాను. మాస్ట్ పక్కనే డెక్ కోసి మూత బిగించారంటే, ఎవరో లోపల చెయ్యి పెట్టి ఏదో అతికించడానికే. ఏం అతికించారో మూత తీసి టార్చి వేసి చూడండి.

ఇంకొకటి, కాగితాలు. టెక్సస్‌లో మోటారు లేని తెరచాప పడవ 14 అడుగులు, ఆపైన ఉంటేనే రిజిస్ట్రేషన్ కావాలి. లేజర్ అంగుళమున్నర తక్కువ! అందుకే ఆయన కాగితాలు అవసరం లేదన్నాడు, అది నిజమే. కానీ 1972 నవంబరు తర్వాత అమెరికాలో తయారైన పడవకు వెనక కుడిపక్క, తయారీ ఏడాది తెలిపే హల్ నంబరు ఉండాలి. నా పడవకు అక్కడ పెయింట్ తప్ప ఏమీ లేదు. అది 1974దో కాదో ఇప్పుడెవరు చెప్పాలి?

ప్రస్తుతానికి పడవ గరాజ్‌లో ఉంది, పోర్టులో చిన్న ఫ్యాను తిరుగుతోంది. స్నానాలగదిలో బరువు చూసుకునే మెషిన్ మీదకెక్కిస్తే మొదటిరోజు 76 కిలోలు. నాలుగు వారాలకు 71. చుక్కాని, డ్యాగర్‌బోర్డ్ (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) మాత్రం బాగున్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.