శాండో నిలబడటమా, కెల్లర్‌మాన్ దూకడమా: వాడెవిల్‌లో ఏది మేలు?

వాడెవిల్ (పాటలు, హాస్యం, విన్యాసాలు కలిపి చూపించే ఒకప్పటి అమెరికా స్టేజీ షో) మాట ఎత్తితే చాలు, కండలు చూపిస్తూ నిలబడేవాళ్లు గొప్పా, నీళ్లలోకి దూకేవాళ్లు గొప్పా అని అడుగుతున్నారు. రెండు వైపులా పెద్ద పేర్లనే తీసుకుందాం: కండల వీరుడు యూజెన్ శాండో, ఆస్ట్రేలియా ఈతగత్తె అనెట్ కెల్లర్‌మాన్.

సామాను సంగతి చూస్తే శాండోకే సుఖం. నల్ల తెర, పీఠం, సరైన లైటు, ఒంటికి కాస్త తెల్ల పౌడరు ఉంటే పని అయిపోయేది. కెల్లర్‌మాన్‌కు తొట్టె కావాలి. ఒక్క ఘనమీటరు నీళ్లే టన్ను బరువు! స్టేజీ ఆ బరువు మోయాలి, తొట్టె నింపాలి, ఆట అయ్యాక ఖాళీ చేయాలి. మేనేజర్‌కు ఎంత టెన్షనో ఊహించుకోండి.

అయినా నా ఓటు దూకడానికే. భంగిమలో జరగడానికి ఏమీ లేదు. శాండో ఫొటోలు విపరీతంగా అమ్ముడుపోయాయి. 1894లో ఎడిసన్ స్టూడియోలో తీసిన చిన్న ఫిల్ము కూడా ఉంది. అవి చూస్తే భంగిమ వరకు అంతా చూసినట్టే. దూకడం అలా కాదు. కాలు పలక వదిలాక నీళ్లు తాకేదాకా ఏమవుతుందో దూకేవాళ్లకే తెలియదు. ఆ ఉత్కంఠను ఫొటోలో పెట్టలేం. శాండో కూడా ఒట్టి భంగిమలతో ఆపలేదు, బరువులెత్తేవాడు. ఎత్తగలడా లేదా అన్న ప్రశ్న ఉంటేనే హాలు కుర్చీ అంచుకు వస్తుంది మరి.

ఇందులో ఒక మెలిక ఉంది. కెల్లర్‌మాన్ ఆటకు చుట్టూ అద్దాలు పెట్టించారని చెబుతారు, బిగుతు ఈతదుస్తుల్లో ఆమె అన్ని వైపుల నుంచీ కనపడాలని. అంటే టికెట్ కొన్నవాళ్లలో చాలామందికి ఆమె దూకడం కూడా భంగిమే. అందుకు ఆమెను తప్పుపట్టలేం. చిన్నప్పుడు కాళ్ల బలహీనత పోవడానికి ఈత మొదలుపెట్టిన మనిషి, 1905లో ఇంగ్లిష్ ఛానెల్ ఈదబోయిన మనిషి ఆమె.

ఒళ్లంతా తెల్లరంగు పూసుకుని పాలరాతి బొమ్మల్లా నిలబడే ఆటలు కూడా ఉండేవి. ఒకసారి చూడొచ్చు, అంతే.

శాండో పేరు మన దగ్గర బనియన్‌కు మిగిలింది. కానీ మనవాళ్లు కథలు కథలుగా చెప్పుకునేది కోడి రామమూర్తి గురించి. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపేవాడాయన. అక్కడా చూసేవాళ్లకు కావలసింది గొలుసు తెగుతుందా లేదా అన్నదే.

ఒక్క టికెట్టుకే డబ్బులుంటే నేను తొట్టె ఉన్న థియేటర్‌కే వెళ్లేవాణ్ని. అదీ బాల్కనీకి, దూకడం పై నుంచి నీళ్ల దాకా కనపడాలిగా.