జీపీఎస్‌లోకి రూటా, ట్రాకా?

కంప్యూటర్‌లో గీసిన దారిని జీపీఎస్ పరికరానికి జీపీఎక్స్ ఫైల్‌గా (దారుల వివరాలు దాచే ఫైల్ రకం) పంపేటప్పుడు రెండు రూపాలుంటాయి: రూట్, ట్రాక్.

రూట్ అంటే కొన్ని మజిలీ బిందువులే. వాటి మధ్య దారిని పరికరం తన మ్యాప్‌తో మళ్లీ లెక్కగడుతుంది. మలుపు మలుపుకీ సూచనలు వస్తాయి, అది సుఖమే. కానీ కంప్యూటర్‌లో ఒక మ్యాప్, పరికరంలో మరో మ్యాప్ ఉన్నా, 'టోల్ వద్దు', 'మట్టిరోడ్డు వద్దు' లాంటి సెట్టింగులు తేడాగా ఉన్నా దారి మారిపోతుంది. మీరు ఏరి కోరి పెట్టిన కొండదారి కాస్తా హైవే అయిపోతుంది! విరుగుడు: రెండుచోట్లా ఒకే సెట్టింగులు పెట్టండి, ప్రతి కూడలి దాటాక రోడ్డు మీదే ఒక బిందువు ఉంచండి. కూడలి నడిబొడ్డున పెడితే ఆ బిందువు పక్కరోడ్డుకు అతుక్కుని, పరికరం వెనక్కి తిరగమంటుంది.

ట్రాక్ వందల, వేల బిందువుల గీత. పరికరం దాన్ని మార్చదు, గీసింది గీసినట్టే చూపిస్తుంది. చాలా పరికరాల్లో మలుపు సూచనలు మాత్రం ఉండవు. పాత పరికరాలకు బిందువుల పరిమితి ఉంటుంది, మించితే గీత మధ్యలోనే తెగుతుంది. పంపేముందు బిందువులు తగ్గించండి.

గార్మిన్ కంపెనీ పరికరమైతే యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపి, ఫైల్‌ను దానిలోని 'గార్మిన్' ఫోల్డర్‌లోని 'జీపీఎక్స్'లో వేయాలి (సైకిల్ కంప్యూటర్లలో 'న్యూఫైల్స్').

కాలిబాటకు ట్రాక్ చాలు. రోడ్డు ప్రయాణానికి రెండూ ఎక్కించండి: రూట్ పలుకుతుంది, అది దారి తప్పిందో లేదో ట్రాక్ గీత చెబుతుంది.