షోరూమా, చిన్న కొట్టా: సేల్స్ పనికి ఏది మేలు?

మా పక్కింటి అమ్మాయి డిగ్రీ మధ్యలో ఆపేసి పని వెతుక్కుంటోంది. రెండు చోట్ల రమ్మన్నారు. ఒకటి విజయవాడ బందరు రోడ్డు మీద పెద్ద బట్టల షోరూం, ఊరూరా బ్రాంచీలున్నది. రెండోది వన్‌టౌన్‌లో నలుగురు పనిచేసే చీరల కొట్టు. ఆన్‌లైన్ సరుకుల గోడౌన్‌లో ప్యాకింగ్ పని కూడా ఉందట గానీ, రాత్రి షిఫ్టు అనగానే వాళ్ల నాన్న వద్దన్నాడు. "ఎందులో చేరమంటావక్కా?" అని నన్నడిగింది.

నేను నాలుగేళ్లు ఒక చైన్ షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డాను. మా అమ్మ పద్నాలుగేళ్లు ఒక చిన్న కొట్టులో చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతపెట్టింది. ఈ విషయంలో మా ఇంట్లోనే రెండు పార్టీలు.

ముందు డబ్బు సంగతి. షోరూం వాళ్లు 14,000 అన్నారు, అందులో బేసిక్ 10,000. పీఎఫ్ (భవిష్యనిధి) కింద బేసిక్‌లో 12 శాతం, అంటే 1,200, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కింద మొత్తం జీతం మీద 0.75 శాతం, అంటే 105 పోతే చేతికి 12,695. కొట్టు ఓనరు 12,000 ఇస్తానన్నాడు, కోతల్లేవు. "ఏడొందలేగా తేడా, పైగా కొట్టు బస్సు దిగితే పక్కనే" అంది ఆ పిల్ల. తేడా ఏడొందలు కాదు. ఆమెకి పోయిన 1,200కి షోరూం వాళ్లు ఇంకో 1,200 కలిపి కట్టాలి. ఈఎస్ఐకి వాళ్ల వంతు 3.25 శాతం, అంటే 455. ఇరవై మంది పనిచేసే చోట పీఎఫ్, పది మంది ఉన్నచోట ఈఎస్ఐ తప్పనిసరి. నలుగురున్న కొట్టుకి రెండూ అంటవు. ఓనరు ఎగ్గొడుతున్నాడని కాదు, చట్టమే ఆ గుమ్మం దాకా రాలేదు.

అది ఎంత తేడానో మా అమ్మ చెయ్యి విరిగినప్పుడు తెలిసింది. పై అరలోంచి పట్టుచీరల మూట దింపుతూ నిచ్చెన మీంచి జారింది. ఓనరు మంచివాడే, తనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు, 5,000 చేతిలో పెట్టాడు, ఆ నెల జీతం ఇంటికి పంపించాడు. రెండో నెల అమ్మ కట్టు విప్పించుకుని వెళ్లేసరికి ఆమె నిలబడే చోట వేరే అమ్మాయి ఉంది. శ్రావణమాసం సీజను, ఆయన మాత్రం ఏం చేస్తాడు అని అమ్మ ఇప్పటికీ ఆయన్ని వెనకేసుకొస్తుంది. నాకు మాత్రం ఆ సర్దుబాటు మింగుడు పడదు. ఆయన చేసింది సాయం, తనకి కుదిరినంత వరకు చేశాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఈఎస్ఐ కార్డు తీసుకుని గుణదల ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ లైన్లో సగం రోజు గడిచిపోయింది, అయినా మందులకి రూపాయి అడగలేదు. జ్వరంతో ఇంట్లో ఉన్న రోజులకి రోజు కూలీలో 70 శాతం ఖాతాలో పడింది. దానికి నేనెవరికీ దణ్ణం పెట్టలేదు.

ఇంతవరకు చదివి షోరూములు న్యాయంగా ఉంటాయని అనుకోకండి. అక్కడ పని వేళలు పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది. భోజనానికి గంట తీసేస్తే పది గంటలు, ఆరు రోజులకి అరవై. 1988 నాటి మన షాపులు, సంస్థల చట్టం వారానికి 48 గంటలంటుంది, ఆపైన చేసే ప్రతి గంటకీ రెట్టింపు జీతం. 14,000ని 26 రోజులకి, రోజుకి ఎనిమిది గంటలకి పంచితే గంటకి 67 రూపాయలు, రెట్టింపంటే 134. నాలుగు వారాల్లో అదనంగా చేసేది 48 గంటలు, అంటే 6,400 పైనే. జీతంలో దాదాపు సగం! నా శాలరీ స్లిప్‌లో ఓటీ, అంటే ఓవర్‌టైం, అని ఒక గడి ఉండేది. నాలుగేళ్లలో ఆ గడిలో సున్నా తప్ప ఇంకో అంకె చూడలేదు. అదే స్లిప్‌లో కోత గడి మాత్రం బాగా పనిచేసేది. ఆషాఢం సేల్ రద్దీలో ఒక రాత్రి నా కౌంటర్లో 480 తక్కువొచ్చింది. నెలాఖరుకి జీతంలో పట్టేశారు. చిన్న కొట్టుకైతే ఇంత లెక్క తెలీదనుకోవచ్చు. వీళ్లకి మనిషిని పెట్టుకునే హెచ్ఆర్ ఉంది, లెక్క చూసే ఆడిటరున్నాడు. తెలిసే చేస్తారు, అందుకే నాకు వీళ్ల మీదే ఎక్కువ కోపం.

ఇక నిలబడటం. సాయంత్రానికి చెప్పుల పట్టీ వాచిన పాదంలోకి దిగి గాడి పడేది. కస్టమరు లేకపోయినా కూర్చోకూడదు, గోడకి ఆనుకోకూడదు, కెమెరాలో కనబడుతుంది. బాత్రూంకి వెళ్లాలంటే ఫ్లోర్ మేనేజర్ని అడగాలి. అమ్మ కొట్టులో ఈ బాధ లేదు. పరుపు మీద కూర్చునే చీరలు చూపించేది. మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు టీ, కబుర్లు. మేనత్త కూతురి పెళ్లికి నోటి మాట మీద మూడు రోజులు సెలవు, దసరాకి ఓ చీర. దాంతోపాటే ఓనరు ఇంట్లో వ్రతమైతే వెళ్లి పిండివంటలకి సాయం పట్టాలి. అది పని కింద లెక్క కాదు, అలాగని కాదనడానికీ ఉండదు.

కూర్చోవడమనేది చిన్న విషయంలా ఉంటుంది గానీ, కేరళలో ఆడవాళ్లు దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. కోళికోడ్‌లో మిఠాయి తెరువు అనే బజారులో బాత్రూముల కోసం మొదలైన గొడవ అది. టైలరింగ్ చేసుకునే విజి ముందుండి నడిపించింది. 2018లో కేరళ చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది, 2021లో తమిళనాడు ఇచ్చింది. మన షోరూముల్లో నేను చూసినంత వరకు స్టూలు కస్టమర్‌కే. పెద్ద వ్యాపారమంటే ఇంతేలే అనే మాట నేను ఒప్పుకోను. అమెరికాలో వాల్‌మార్ట్‌లో కొత్తవాళ్లకి గంటకి 14 డాలర్ల నుంచి మొదలైతే, 2025లో కాస్ట్‌కో 20 డాలర్లు చేసింది. రెండూ పెద్ద కంపెనీలే.

నాలుగు రోజులు ఆలోచించి షోరూమే మేలని చెప్పాను. కానీ ఒక షరతు పెట్టాను. అపాయింట్‌మెంట్ లెటర్ మీద షోరూం పేరుందా, మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీ పేరుందా చూడమన్నాను. ఏజెన్సీ అయితే పీఎఫ్ కట్టామంటారు, కట్టరు. ఏడాది తిరక్కుండా ఏజెన్సీ మారుస్తారు, సర్వీసు మళ్లీ ఒకటి నుంచి. ఏళ్ల సర్వీసు లెక్కన ఇచ్చే గ్రాట్యుటీ మాటే ఉండదు. నాతో చేరినవాళ్లలో సగం మంది అలా పోయారు. పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరు అడిగి తీసుకుని, మూడో నెల పాస్‌బుక్కులో డబ్బు పడిందో లేదో ఫోన్లో చూసుకోమన్నాను. పడకపోతే వన్‌టౌన్‌కే పొమ్మన్నాను, కనీసం అక్కడ కూర్చోవచ్చు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నర బస్సులోంచి ఫోన్ చేసింది. ఆడవాళ్లకి ఇప్పుడు బస్సు ఫ్రీ కదా, ఆ ఖర్చు మాత్రం తప్పింది. లెటర్ మీద షోరూం పేరే ఉందట. ఓటీ గురించి అడిగితే మేనేజరు నవ్వి, "ముందు పని నేర్చుకోమ్మా" అన్నాడట. "కాళ్లు పీకేస్తున్నాయక్కా, ఒక సైజు పెద్ద చెప్పులు కొనుక్కోనా?" అంది. కొనుక్కోమన్నాను.