వసంతంలో ఫ్రాంకోనియా: కొండ మీద మగ్గులు, ఇంటి ముందు నక్షత్రం

జర్మనీ బీరు అనగానే మనవాళ్ళంతా మ్యూనిక్‌లో జరిగే అక్టోబర్‌ఫెస్ట్ జాతర గురించే అడుగుతారు. ఊరి బీరును ఆ ఊళ్ళోనే, ఆ ఊరివాళ్ళ పక్కన కూర్చుని తాగాలనుకునేవాళ్ళు మాత్రం ఏప్రిల్ చివరి వారంలోనో, మే నెలలోనో జర్మనీ దక్షిణాన ఉన్న బవేరియా రాష్ట్రంలో ఉత్తర భాగమైన ఫ్రాంకోనియాకు వెళ్ళాలని నేను గట్టిగా చెప్తాను. నాకు బీరంటే ఇష్టం. మా ఆయన ముట్టరు. ఎర్లాంగెన్‌లో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు రైళ్ళూ బస్సులూ చూసిపెట్టాడు. ముగ్గురం తిరిగిన చోట్లలో ఏది ఎంత బాగుందో, ఎక్కడ ఇబ్బంది పడ్డామో రాస్తున్నాను.

ఏప్రిల్ 23 తర్వాత వెళ్ళమనడానికి కారణం ఉంది. 1516లో అదే తేదీన ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా డ్యూక్‌లు బీరులో బార్లీ, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే తీగ పూలు), నీళ్ళు తప్ప ఇంకేమీ కలపకూడదని శాసనం చేశారు. జర్మన్లు ఇప్పటికీ ఆ రోజును బీరు దినంగా జరుపుకుంటారు. 1553లో ఇంకో ఆజ్ఞ వచ్చింది. సెప్టెంబర్ 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే బీరు కాచాలి, ఎండాకాలం కాచకూడదు. దాంతో చలికాలంలో కాచిన బీరును ఎండలు తగ్గేదాకా కాపాడుకోవడానికి కొండల్లోకి సొరంగాలు తవ్వారు. సొరంగాల మీద ఎండ పడకుండా చెస్ట్‌నట్ చెట్లు పెంచారు. తర్వాత ఆ చెట్ల కిందే బల్లలు వేసి అమ్మడం మొదలుపెట్టారు. ఫ్రాంకోనియాలో ఈ చోట్లను కెల్లర్లంటారు. చెట్లు చిగురు వేసే రోజుల్లో అవి ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. చలికాలమంతా ఇళ్ళల్లో ఉన్న జనం ఒక్కసారిగా కొండెక్కుతారు.

మకాం బాంబెర్గ్‌లో పెట్టాం. పాత ఊరు 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. నది మధ్యలో కట్టిన పాత టౌన్‌హాలు, రాళ్ళు పరిచిన సందులు అన్నీ కాలినడకనే చూడొచ్చు. ఒక బ్రూవరీ (బీరు కాచే చోటు) పైన ఉన్న గదులు తీసుకున్నాం. హోటళ్ళతో పోలిస్తే అద్దె తక్కువ, గది శుభ్రంగా ఉంది, పొద్దున బ్రెడ్డు, చీజు, ఉడికించిన గుడ్డు పెట్టారు. లిఫ్ట్ లేదు, రిసెప్షనూ లేదు. తాళంచెవి కింద బీరు పోసే ఆమే ఇస్తుంది కాబట్టి వాళ్ళ సెలవు రోజున వచ్చేటట్టయితే ముందే ఫోన్ చేసి చెప్పాలి. రాత్రి పదింటి దాకా కింద నుంచి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. నాకు అదేమీ ఇబ్బంది అనిపించలేదు. తేలిగ్గా నిద్ర పట్టనివాళ్ళు వెనక వైపు గది అడగండి.

బాంబెర్గ్ ప్రత్యేకత పొగ బీరు. బార్లీ మొలకలను బీచ్ కట్టెల మంట మీద ఆరబెడతారు, ఆ పొగ మాల్ట్‌కు, అంటే ఆరిన ఆ మొలకలకు, పట్టేస్తుంది. ఒకప్పుడు మాల్ట్ అంతా మంట మీదే ఆరేది కాబట్టి బీరులో ఎంతో కొంత పొగ వాసన ఉండేది. పొగ తగలకుండా ఆరబెట్టే బట్టీలు వచ్చాక మిగతా ప్రపంచం ఆ వాసన వదిలేసింది, ఈ ఊరు వదల్లేదు. ష్లెంకెర్లా అనే బీరుశాలలో కౌంటర్ మీద చెక్క పీపా పెట్టి, దాని కుళాయి తిప్పి నేరుగా గ్లాసులోకి వంచుతారు. ముదురు గోధుమ రంగు బీరు, మీద మీగడ రంగు నురగ. మొదటి గుక్కలో పొగ తప్ప ఇంకేమీ తెలియదు. సగం గ్లాసు అయ్యేసరికి వెనకున్న మాల్ట్ తీపి బయటికి వస్తుంది. మొదటి గుక్కకే గ్లాసు పక్కన పెట్టేసినవాళ్ళను చూశాను, వాళ్ళు ఇంకో పది నిమిషాలు ఆగి ఉంటే బాగుండేది. శనాదివారాల్లో అక్కడ నిలబడడానికి కూడా చోటు ఉండదు. మామూలు రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్తే బల్ల దొరుకుతుంది.

సాయంత్రాలు మాత్రం స్టెఫాన్స్‌బెర్గ్ కొండ మీది స్పెజియాల్ కెల్లర్‌లో గడపాలి. ఇక్కడి పొగ బీరు కాస్త సౌమ్యం. ఎదురుగా కెథెడ్రల్ నాలుగు గోపురాలు, కింద ఎర్ర పెంకుల ఇళ్ళు. 1812లో మ్యూనిక్ బ్రూవర్లకు సొరంగాల దగ్గర బీరు అమ్ముకునే అనుమతి ఇస్తూ, భోజనం మాత్రం పెట్టకూడదని రాజు షరతు పెట్టాడు. అందుకే జనం తిండి ఇంటి నుంచి తెచ్చుకోవడం అలవాటైంది. ఫ్రాంకోనియాలోనూ చాలా కెల్లర్లలో ఇప్పటికీ తెచ్చుకోనిస్తారు. మేం ఒక కెల్లర్‌లో ముందుగా అడిగి పులిహోర డబ్బా తెరిచాం. పక్క బల్ల పెద్దావిడ ముల్లంగిని సన్నగా చక్రాల్లా తరిగి, ఉప్పు చల్లి, నీరు ఊరాక మాకో ప్లేటు జరిపింది. పులిహోర ఆవిడకు తెగ నచ్చింది. శాకాహారులకు ఈ పద్ధతి ఎంత మేలో చెప్పలేను. లోపలి రెస్టారెంట్లలో మెనూ అంతా పంది మాంసమే, చీజు, బంగాళాదుంపలు తప్ప దిక్కులేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. వాన పడితే కెల్లర్ తెరవరు. ఏప్రిల్‌లో పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం వడగళ్ళు పడడం అక్కడ మామూలే.

మే నెల మొదటి ఆదివారం పడే వారాంతంలో ఫోర్‌ఖైమ్ దగ్గర వాల్బెర్లా కొండ మీద పండుగ జరుగుతుంది. జర్మనీలోని బాగా పాత వసంతోత్సవాల్లో ఇదొకటని అక్కడివాళ్ళు గర్వంగా చెప్తారు. ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున్న బల్లపరుపు కొండ, మీద వాల్‌బుర్గా పుణ్యవతి పేరిట చిన్న చర్చి. ఫోర్‌ఖైమ్ నుంచి చిన్న రైల్లో కిర్‌ఖెహ్రెన్‌బాఖ్‌లో దిగి ఎక్కాలి. దారంతా చెర్రీ తోటలే. ఏప్రిల్ మధ్యలో వస్తే కొండ చుట్టూ తెల్లగా పూసి ఉంటుంది, పండుగ నాటికి పూత దాదాపు రాలిపోతుంది. పూలు కావాలో పండుగ కావాలో తేల్చుకోవాలి. నేనైతే పండుగే అంటాను. పైన చుట్టుపక్కల ఊళ్ళ బీరు, సాసేజీలు, బ్యాండు మేళం. ముసలివాళ్ళు కూడా కర్రలు పట్టుకుని మెల్లగా ఎక్కి వచ్చారు. దిగేటప్పుడు వాలు ఎక్కువ, మట్టి జారుతుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు చీకటి పడకముందే దిగండి.

అంతకుముందు ఏప్రిల్ 30 సాయంత్రం ఆ దగ్గర్లోనే ఒక చిన్న పల్లెలో మే స్తంభం నిలబెట్టడం చూశాం. పొడవాటి దేవదారు మానుకు బెరడు తీసి, కొసన పచ్చని కొమ్మలు వదిలి, దండలు కట్టారు. జంట కర్రలతో కింద నుంచి ఎగదోస్తూ, పెద్దమనిషి ఒకాయన కేక వేసినప్పుడల్లా ఒక్కో అడుగు లేపుతారు. ముప్పావు గంట పట్టింది. మాను ఒకసారి పక్కకు ఒరిగితే జనమంతా ఊపిరి బిగబట్టారు. బీరు పోసింది ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం కుర్రాళ్ళు, సాసేజీలు కాల్చింది వాళ్ళ నాన్నలు. టికెట్ లేదు, స్టేజీ లేదు. పక్క ఊరివాళ్ళు రాత్రికి రాత్రే స్తంభం ఎత్తుకుపోతే బీరు, భోజనం ఇచ్చి విడిపించుకోవాలట. అందుకే కాపలా పెడతారు.

ఎర్లాంగెన్ ఊరి బీరు జాతర బెర్గ్‌కిర్‌ఖ్‌వైహ్ దీనికి పూర్తిగా వేరు. పెంతెకొస్తుకు (ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే క్రైస్తవ పండుగ) ముందు గురువారం సాయంత్రం 5 గంటలకు మేయరు తొలి పీపాకు కుళాయి కొట్టి మొదలుపెడితే 12 రోజులు సాగుతుంది. 1755 నుంచి ఉన్న జాతర ఇది. బుర్గ్‌బెర్గ్ కొండ వాలులో పాత సొరంగాలు, వాటి ముందు చెట్ల కింద మెట్లుమెట్లుగా బల్లలు, కింద జెయింట్ వీల్. మగ్గు అంటే లీటరు. దానికి కొంత డిపాజిట్ కడితే ఒక బిళ్ళ ఇస్తారు, చివర్లో మగ్గుతోపాటు ఆ బిళ్ళ ఇస్తేనే ఆ డబ్బు తిరిగి ఇస్తారు. మా తమ్ముడు "అక్కా, మధ్యాహ్నం పన్నెండుకే వెళ్దాం, సాయంత్రం అయితే కాలు పెట్టలేం" అన్నాడు. వాడి మాట విని మంచి పని చేశాం. మధ్యాహ్నం కుటుంబాలు, ముసలివాళ్ళు, ఆకుల సందుల్లోంచి ఎండ. నాలుగు దాటాక విద్యార్థులు బెంచీలెక్కి పాడడం మొదలెట్టారు, ఆరింటికి టాయిలెట్ల దగ్గర అరగంట క్యూ. జాతర రోజుల్లో ఎర్లాంగెన్ హోటళ్ళ రేట్లు అందుబాటులో ఉండవు. ఫోర్‌ఖైమ్‌లోనో బాంబెర్గ్‌లోనో ఉండి ఎస్-బాన్ అనే లోకల్ రైల్లో వచ్చిపోవడం నయం. రాత్రి రైళ్ళు మాత్రం కిక్కిరిసిపోతాయి.

ఆ జాతరలో నన్ను బాధపెట్టింది ఒకటే. 1712లో మొదలైన ఎర్లాంగెన్ బ్రూవరీ కిట్స్‌మన్ 2018లో అక్కడ కాయడం ఆపేసింది. పేరు కుల్మ్‌బాఖర్ సంస్థకు వెళ్ళింది. ఇంత పెద్ద జాతర ఉన్న ఊరు కూడా తన పాత బ్రూవరీని నిలబెట్టుకోలేకపోయింది. చిన్న చోట్లకు వెళ్ళి డబ్బు అక్కడే ఖర్చు పెట్టాలనే నా పట్టుదల ఆ తర్వాత ఇంకా పెరిగింది.

ఆ పట్టుదలతోనే ఔఫ్‌జెస్ వెళ్ళాం. జనాభా 1300 దాకా ఉండే పంచాయతీలో నాలుగు బ్రూవరీలు! నాలుగింటినీ కలుపుతూ సుమారు 14 కిలోమీటర్ల నడక దారి. అడవులు, పొలాలు, ఒక్కోచోట సగం లీటరు. బస్సులే ఇబ్బంది, మామూలు రోజుల్లో దాదాపు లేవు. కారు తెచ్చుకుంటే నడిపే మనిషి తాగకుండా ఉండాలి. ఆ పని మా ఆయన సంతోషంగా చేశారు. ఆయనకు ప్రతిచోటా ఆపిల్ రసంలో సోడా కలిపిన షోర్లె దొరికింది.

ఇక నన్ను నిజంగా కదిలించింది పక్కనే ఉన్న ఓబెర్‌ఫాల్జ్ ప్రాంతంలోని ట్సోయిగ్ల్, అంటే ఊరివాళ్ళు వంతులవారీగా కాచి తమ ఇళ్ళల్లోనే పోసే బీరు. విండిషెషెన్‌బాఖ్, నోయ్‌హౌస్, ఫాల్కెన్‌బెర్గ్, మిట్టర్‌టైఖ్, ఎస్లార్న్ ఈ ఐదు ఊళ్ళలో ఊరుమ్మడి బ్రూహౌస్‌లు ఉన్నాయి. నోయ్‌హౌస్‌కు ఇలా బీరు కాచుకునే హక్కు 1415లో, విండిషెషెన్‌బాఖ్‌కు 1455లో వచ్చింది. హక్కు ఇళ్ళకు ఉంటుంది. హక్కున్న ఇంటివాళ్ళు తమ వంతు వచ్చినప్పుడు ఊరుమ్మడి బ్రూహౌస్‌లో కట్టెల మంట మీద బీరు కాస్తారు. రాత్రంతా వెడల్పాటి లోతులేని తొట్టిలో చల్లారనిస్తారు. పొద్దున ఆ పచ్చి రసాన్ని ట్యాంకులో ఇంటికి తీసుకుపోయి, సొంత నేలమాళిగలో ఈస్ట్ కలిపి పులియబెడతారు. ఒకే బ్రూహౌస్‌లో కాచినా ఏ ఇంటి బీరు ఆ ఇంటిదే. వారాల తర్వాత తయారయ్యాక వీధిలోకి ఆరు కోణాల నక్షత్రం వేలాడదీస్తారు. ఆ వారం ఆ ఇల్లు తెరిచి ఉందని గుర్తు. 2018లో జర్మనీ దీన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మేం వెళ్ళిన ఇంట్లో ముందు గదిలో పొడవాటి బల్లలు. విడిగా బల్ల అడగకూడదు, ఖాళీ ఉన్నచోట సర్దుకుని కూర్చోవాలి. మూల బల్ల మాత్రం ఊరివాళ్ళది, అక్కడ కూర్చోకండి. ఇంటావిడ గ్లాసు పెట్టినప్పుడల్లా అట్ట బిళ్ళ మీద పెన్సిల్‌తో ఒక గీత గీసింది. లెక్కంతా ఆ గీతలే, కార్డు తీసుకోరు. వడకట్టని బీరు, కాస్త మబ్బుగా, గ్యాసు తక్కువ, తాజా రొట్టె వాసన, చివర్లో సన్నని చేదు. చెట్టు దగ్గర తాగిన కల్లు ఊరు దాటితే ఆ రుచి ఉండనట్టే ఇదీ సీసాలో అలా ఉండదు. ధర నగరాలకంటే బాగా తక్కువ. చల్లని మాంసం ముక్కలు, చీజు, బ్రెడ్డు, పచ్చి ఉల్లి తప్ప వంటలు పెద్దగా ఉండవు. ఎదురుగా కూర్చున్న వడ్రంగి ఒకాయన మమ్మల్ని మొదటి నిమిషం నుంచే నువ్వని పిలిచాడు, అక్కడ అదే మర్యాద. ఎవరి ఇంటి బీరు బాగుంటుందో ఆయనకూ పక్కాయనకూ మధ్య గంటసేపు వాదన సాగింది. మా తమ్ముడు అనువదించలేక అలసిపోయాడు.

వీలైతే ఇక్కడ రెండు రాత్రులు ఉండండి. పగలు వాల్డ్‌నాబ్ నది లోయలో నడవొచ్చు. సైన్సు ఇష్టమైనవాళ్ళకు విండిషెషెన్‌బాఖ్ పక్కనే 9,101 మీటర్ల లోతుకు తవ్విన పరిశోధక బోరుబావి ఉంది. ఊళ్ళోని గెస్ట్‌హౌసులు కొద్దే, వసంతంలో శనాదివారాలకు త్వరగా నిండిపోతాయి. ఒక చోట మా బుకింగ్ పుస్తకంలో రాయడం మర్చిపోయారు. ఆ ఇంటాయనే ఫోన్లు చేసి పక్క వీధిలో గది ఇప్పించాడు, తర్వాత మాకు ఏ లోటూ రాలేదు.

మ్యూనిక్ గురించి ఒక్క మాట. ఈస్టర్‌కు ముందు తపస్సు కాలంలో నోఖర్‌బెర్గ్ కొండ మీద పోసే సాల్వేటర్ లాంటి గాఢమైన బీరు కోసమైతే మార్చిలో వెళ్ళొచ్చు, దాదాపు 8 శాతం ఆల్కహాల్, మెల్లగా తాగాలి. ఏప్రిల్ చివరి నుంచి టెరేజియెన్‌వీజ మైదానంలో జరిగే వసంత జాతర అక్టోబర్‌ఫెస్ట్‌కు చిన్న రూపం, పిల్లలకు బాగుంటుంది. రోజులు తక్కువుంటే నేను ఈ రెండూ వదిలేసి నేరుగా ఫ్రాంకోనియాలోని నూరెంబర్గ్ రైలెక్కుతాను.

లోకల్, ప్రాంతీయ రైళ్ళకు నెలవారీ జర్మనీ టికెట్ చాలు, 2026 జనవరి నుంచి 63 యూరోలు. అది చందా కాబట్టి ఆ నెల 10 లోపు రద్దు చేసుకోవాలి, లేకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కరోజు తిరిగితే బవేరియా టికెట్ గిట్టుబాటవుతుంది. మామూలు రోజుల్లో అది పొద్దున 9 తర్వాతే చెల్లుతుంది. నగదు దగ్గర పెట్టుకోండి. ఆదివారం షాపులు మూసేస్తారు, కెల్లర్‌కు తీసుకెళ్ళాల్సిన తిండి శనివారమే కొనాలి. ట్సోయిగ్ల్‌కు ఏ వారం ఎవరిల్లు తెరుస్తారో క్యాలెండర్ ముందే వేస్తారు. విమానం టికెట్ కొనేముందు అది చూసి తేదీలు పెట్టుకోండి.