గీజర్ సేఫ్టీ వాల్వ్: చుక్క కారితే మార్చాలా, వదిలేయాలా?

కార్తీకం వెళ్లి చలి పుంజుకోగానే బెజవాడ బాత్రూముల్లో గీజర్లకు పని పడుతుంది. ప్లంబర్లకు ఫోన్లూ అప్పుడే మొదలవుతాయి: "గీజర్ కింద నీళ్లు కారుతున్నాయండి." వచ్చినతను ఒకసారి తలెత్తి చూసి, "వాల్వ్ పోయిందండి, మార్చేయాలి" అంటాడు. ఇంకొకరైతే "దానికో ఎండ్ క్యాప్ బిగించేస్తే సరిపోద్ది" అంటారు. మొదటిది డబ్బు దండగ కావచ్చు. రెండోది మాత్రం ప్రాణం మీదికి తెచ్చే సలహా, ప్రెషర్ బయటికి పోయే దారినే అది మూసేస్తుంది.

ఇక్కడ చెప్పుకునేది చల్లనీళ్ల పైపు గీజర్‌లోకి వెళ్లే చోట బిగించే అరంగుళం ఇత్తడి వాల్వ్ గురించి. షాపుల్లో సేఫ్టీ వాల్వ్ అన్నా, మల్టీ ఫంక్షన్ వాల్వ్ అన్నా ఇదే ఇస్తారు. ధర కొన్ని వందల్లోనే ఉంటుంది. చేసే పనులు మూడు. ట్యాంకులోని వేడినీళ్లు వెనక్కి చల్లనీళ్ల లైనులోకి పోకుండా ఆపుతుంది. లోపల ప్రెషర్ హద్దు దాటితే పక్కనున్న చిన్న ముక్కులోంచి నీళ్లు వదులుతుంది. లివర్ ఎత్తితే ట్యాంకు ఖాళీ చేసుకోవచ్చు.

అసలు కారడం తప్పా? 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగితే దాదాపు 200 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి. వాల్వ్ వెనక్కి పోనివ్వదు, కుళాయి కట్టేసి ఉంటుంది. ఇక ఆ నీళ్లు ఎటు పోవాలి? ప్రెషర్ 8 బార్ (బార్ అంటే ప్రెషర్‌ని కొలిచే లెక్క) దగ్గరికి చేరగానే ముక్కులోంచి చుక్కలుగా వస్తాయి. "పాత గీజర్ ఎప్పుడూ కారలేదు, కొత్తది వారానికే కారుతోంది" అనే ఫిర్యాదుకి చాలాసార్లు జవాబు ఇదే. పాతదానికి వెనక్కి ఆపే వాల్వ్ లేకపోతే, ఉబ్బిన నీళ్లు పైపులోంచి మేడ మీది ట్యాంకు వైపు నెట్టుకుపోయేవి. మేడ మీది ట్యాంకు వల్లనే వాల్వ్ తెరుచుకోవడం జరగని పని. 10 మీటర్ల ఎత్తుకి వచ్చే ప్రెషర్ 1 బారే. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటుకైనా 2 బార్ దాటడం కష్టం.

కాబట్టి ముందు కొలవండి. ముక్కు కింద సీసా పెట్టి, కుళాయిలేవీ తిప్పకుండా ఒకసారి పూర్తిగా కాగనివ్వండి. 2000 వాట్ల గీజర్‌కి 15 లీటర్లు కాగడానికి 20 నిమిషాల లోపే పడుతుంది. సీసాలో గ్లాసుడు నీళ్లు చేరి, గీజర్ ఆపాక కారడం ఆగిపోతే వాల్వ్ బాగానే ఉంది. ముక్కుకి సన్నటి ట్యూబు తగిలించి నేల జాలీ వైపు వంచేస్తే చాలు. ట్యూబు చివర తెరిచే ఉండాలి, దారి పొడవునా కిందికే దిగాలి. గీజర్ ఆపి నాలుగైదు గంటలైనా కారుతూనే ఉంటే వాల్వ్ సీటు మీద, అంటే లోపల అది మూసుకునే చోట, ఉప్పు పేరుకుందన్నమాట. బోరునీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. కృష్ణా నీళ్లు మాత్రమే వచ్చే ఇళ్లలో తక్కువ. మార్చి నుంచి అక్టోబరు దాకా లివర్ కదలకపోతే స్ప్రింగు కూడా పట్టేస్తుంది. గీజర్ చల్లగా ఉన్నప్పుడు లివర్ మూడు నాలుగు సార్లు ఎత్తి దించి నీళ్లు జోరుగా వదిలితే, చిన్న రవ్వ అడ్డుపడి ఉంటే కొట్టుకుపోతుంది. అప్పటికీ ఆగకపోతే కొత్తది కొనాలి. దీన్ని విప్పి బాగుచేయించే ఆలోచన వద్దు.

ముక్కులోంచి ఆవిరో, సలసల కాగే నీళ్లో చిమ్ముతుంటే అది వాల్వ్ తప్పు కాదు. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ పట్టేసి, వేడి మితిమీరితే ఆపాల్సిన కటౌట్ కూడా పనిచేయలేదని అర్థం. బాత్రూములోకి వెళ్లకుండా బయటి ఎంసీబీ (కరెంటు బోర్డులో గీజర్ లైను ఆపే స్విచ్చు) దించేయండి. లివర్ జోలికి, కుళాయి జోలికి పోకండి, చల్లారనివ్వండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మళ్లీ వేయకూడదు.

కారేది వాల్వ్ ముక్కులోంచేనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఎంసీబీ దించి, గీజర్ చల్లారాక, పొడి గుడ్డతో కింద అంతా తుడిచి న్యూస్ పేపర్ పరవండి. పైపు నిపుల్ (గీజర్ అడుగున పొడుచుకొచ్చిన మరల గొట్టం) దగ్గర తడి కనిపిస్తే జాయింటు లోపం. ఫ్లెక్సిబుల్ హోస్ చివర నీళ్లు ఆపేది రబ్బరు వాషర్, అక్కడ టెఫ్లాన్ చుట్టినా లాభం లేదు, వాషర్ మార్చాలి. అడుగు మూత మధ్యలోంచి కారితే ఎలిమెంట్ ప్లేటు గాస్కెట్ పోయినట్టు. ఆ నీళ్లు వైర్ల టెర్మినల్స్ మీదే పడతాయి కనుక అది ఎలక్ట్రీషియన్ పని. బాడీ అతుకుల్లోంచి తుప్పు రంగు నీళ్లు వస్తుంటే లోపలి ట్యాంకే చిల్లుపడింది. ఎం-సీల్, వెల్డింగు దానికి పనికిరావు.

కొనేటప్పుడు గీజర్ మీది రేటింగ్ ప్లేటు ఫొటో తీసుకెళ్లండి. వన్‌టౌన్‌లో కొన్నా, గుంటూరు పట్నంబజారులో కొన్నా చూడాల్సినవి ఇవే. వాల్వ్ ఒంటి మీద అది తెరుచుకునే ప్రెషర్ పోత పోసి ఉండాలి (0.8 ఎంపీఏ అన్నా 8 బార్ అన్నా ఒకటే), గీజర్ ప్లేటు మీది ప్రెషర్‌ని అది మించకూడదు. గీజర్ 6.5 బార్‌దైతే 8 బార్ వాల్వ్ దానికి కాపలా కాయదు. నీళ్లు వెళ్లే దిక్కు చూపే బాణం గుర్తు ఉండాలి. చేతిలో బరువు తెలియాలి. ఇత్తడి పూత పూసిన తేలిక సరుకు స్పానర్ పడగానే మరలు వలుచుకుపోతుంది. లివర్ లేనిది చవకగా వస్తుంది కానీ దాంతో ట్యాంకు ఖాళీ చేయలేం, పరీక్షించనూ లేం. మా ఓటు లివర్ ఉన్నదానికే. గీజర్ కంపెనీ స్పేర్ దొరికితే మరీ మంచిది, పది ఇరవై ఎక్కువైనా సరే.

మార్చే పని చల్లారిన గీజర్ మీదే. ఎంసీబీ దించి, ప్లగ్ కూడా లాగేయండి. నేల తడిగా ఉంటే ముందు ఎంసీబీ, తర్వాతే బాత్రూములో కాలు పెట్టడం. చల్లనీళ్ల యాంగిల్ కాక్ కట్టేసి, వేడినీళ్ల కుళాయి తెరవండి. కాస్త నీళ్లొచ్చి ఆగిపోతాయి. ట్యాంకు ఖాళీ అయిందనుకుని ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వేడినీళ్ల గొట్టం లోపల పైదాకా ఉంటుంది కనుక 15 లీటర్లూ ఇంకా అందులోనే ఉన్నాయి. ఆ కుళాయి గాలి కోసం అలాగే తెరిచి ఉంచి, కింద 20 లీటర్ల బకెట్ పెట్టి లివర్ ఎత్తండి. సన్నటి ధార, ఓపిక పట్టాలి.

పాతది విప్పేటప్పుడు ఒక స్పానర్‌తో గీజర్ నిపుల్‌ని కదలకుండా పట్టుకుని, రెండోదానితో వాల్వ్ తిప్పాలి. నిపుల్ తిరిగితే ట్యాంకు అతుకే కదులుతుంది. మరల మీద టెఫ్లాన్ బిగించే దిక్కుగా ఎనిమిది పది చుట్లు చుట్టి, బాణం గీజర్ వైపు, ముక్కు నేల వైపు ఉండేలా చేత్తో బిగించి, స్పానర్‌తో అర మర తిప్పితే చాలు. వాల్వ్‌కీ గీజర్‌కీ మధ్య ఇంకే కాక్ పెట్టకూడదు. నీళ్లు ఆపే కాక్ ఎప్పుడూ వాల్వ్‌కి ముందే.

నీళ్లు తెరిచాక వేడినీళ్ల కుళాయిలోంచి గాలి తుళ్లకుండా నిండు ధార వచ్చేదాకా ఆగి, జాయింట్లు పొడిగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడే కరెంటు. ఖాళీ ట్యాంకులో వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది. ఆ తర్వాత నెలకోసారి లివర్ ఎత్తి దించుతుంటే సరి. బోరునీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి ప్లేటు విప్పించి మెగ్నీషియం రాడ్ (ట్యాంకుకి తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే కడ్డీ) కూడా చూపించండి. అది సగానికి సగం అరిగితే మార్చేయాలి, దాని ధర ఎంతైనా కొత్త ట్యాంకు ముందు ఒక లెక్క కాదు.