దూరానికి కాదు, వెలుతురుకు: తిరుపతిలో 70-200 ఎఫ్/2.8 లెన్సు వాడకం

టెలిఫొటో జూమ్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న "ఎంత దూరం లాగుతుంది?" అనేదే. కెనాన్ ఈఎఫ్ 70-200 ఎంఎం ఎఫ్/2.8 ఎల్ ఐఎస్ రెండో తరం లెన్సును తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆటల పోటీలకూ ఉత్సవాలకూ ఏళ్లుగా వాడుతున్న నాకు మాత్రం ఇది వెలుతురు కోసం కొనవలసిన లెన్సుగానే తోస్తుంది. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురును లోపలికి తీసుకుంటుంది. 2010లో విడుదలైన ఈ లెన్సును సెకండ్‌హ్యాండ్‌లో కొని కెనాన్ 7డీ మార్క్ 2 కెమెరా బాడీకి తగిలించాను. ఆ బాడీ సెన్సరు చిన్నది కనుక ఫ్రేములో పట్టే దృశ్యం పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేము కెమెరాలో 112-320 ఎంఎం లెన్సుతో వచ్చేదానికి సమానం.

దూరం సంగతి ముందే చెప్పేస్తాను. క్రికెట్ మైదానంలో బౌండరీ దగ్గర కూర్చుని 65 మీటర్ల అవతల ఉన్న బ్యాటరును 200 ఎంఎం వద్ద తీస్తే, అతను నిటారుగా నిలబడినా ఫ్రేము ఎత్తులో మూడో వంతుకు కాస్త మించి మాత్రమే కనిపిస్తాడు. 20 మెగాపిక్సెళ్లు ఉన్నాయి కాబట్టి కత్తిరించి పత్రికకు పంపుకోవచ్చు గానీ, క్రికెట్టే ప్రధానమైనవారికి ఈ జూమ్ చాలదు.

దీని విలువ తెలిసేది రాత్రిపూట కబడ్డీలో. కళాశాల మైదానాల్లో నాలుగు స్తంభాలకు కట్టిన ఫ్లడ్‌లైట్ల కింద ఎఫ్/2.8 దగ్గర కూడా సెకనులో 1/640 వంతు షట్టర్ వేగానికి ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) 3200 దాకా వెళ్లవలసి వస్తుంది. అదే చోట ఎఫ్/5.6 జూమ్ వాడితే ఐఎస్‌ఓ 12800 కావాలి, అప్పుడు ఈ సెన్సరు మీద ఆటగాళ్ల ముఖాలు మచ్చలు మచ్చలుగా తేలతాయి. పైగా మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కావడం వల్ల చాలా రకాల దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. వరుసగా తీసిన ఫ్రేముల్లో ఒకటి వెలుగుగా, ఇంకొకటి పసుపు తిరిగి రావడానికి కారణం లెన్సు కాదు, అదే. బాడీలో ఉన్న యాంటీ ఫ్లికర్ సదుపాయం ఆన్ చేస్తే వెలుతురు పతాకస్థాయికి వచ్చిన క్షణం చూసి షట్టరు పడుతుంది. వరుసగా ఫ్రేములు తీసే వేగం కొంచెం తగ్గినా నేను దాన్ని ఆపను.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. పక్కగీతను ఆనుకుని కూర్చుంటే నాలుగు మీటర్లలోకి వచ్చిన రైడరు 70 ఎంఎం దగ్గర కూడా నడుం వరకే పడతాడు. అందుకే కోర్టు చివర మూలకు, గీతకు రెండు మూడు మీటర్లు వెనక్కి జరుగుతాను: అక్కడి నుంచి రైడరు ముఖమూ, అతని చీలమండను రెండు చేతులా బిగించిన యాంటీ (రైడరును పట్టే ఆటగాడు) పిడికిలీ ఒకే ఫ్రేములోకి వస్తాయి. ఎఫ్/2.8 దగ్గర 200 ఎంఎంలో పది మీటర్ల దూరాన స్పష్టంగా ఉండే లోతు ఇంచుమించు పావు మీటరే కాబట్టి, ఫోకస్ పాయింటు ముఖం మీది నుంచి జారితే చిత్రం పోయినట్టే.

మహతి కళాక్షేత్రంలో నాట్య ప్రదర్శనలకు ఫ్లాష్ ఆలోచనే పెట్టుకోకూడదు. ఇక్కడ లెన్సులోని ఐఎస్ (చిత్రాన్ని నిలకడగా ఉంచే ఏర్పాటు) ఆదుకుంటుంది, అయితే అది మన చేతి వణుకును తగ్గిస్తుందే తప్ప కదిలే పాదాన్ని ఆపదు. జతి ముగిసి భంగిమ నిలిచినప్పుడు 1/125 సరిపోతుంది, అడుగులు వేగంగా పడుతున్నప్పుడు 1/500 కావాలి.

మే నెలలో గంగమ్మ జాతరకు వేరే జాగ్రత్త. బైరాగి వేషంలో ఒంటినిండా తెల్లని పూత, తోటి వేషంలో నల్లని బొగ్గు. 200 ఎంఎంతో ముఖాన్ని నింపగానే కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు తెలుపును బూడిద చేస్తుంది, నలుపును వెలిసిపోయేలా చేస్తుంది. మొదటిదానికి వెలుతురును మూడింట రెండు వంతుల స్టాపు (ఒక స్టాపు అంటే రెట్టింపు లేదా సగం) పెంచి, రెండోదానికి అంతే తగ్గించి తీస్తాను. మధ్యాహ్నం తారురోడ్డు మీది వేడిగాలికి యాభై మీటర్ల అవతలి ముఖాలు నీళ్లలో నీడల్లా అల్లాడతాయి. దానికి ఏ లెన్సులోనూ మందు లేదు, దగ్గరికి వెళ్లడమో పొద్దున్నే తీయడమో చేయాలి. తెల్ల లెన్సు చూసి "ఏ చానలన్నా?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పుకోవడం అదనపు పని.

సంక్రాంతి రోజుల్లో చంద్రగిరి మండలం రంగంపేట పశువుల పండుగలో మాత్రం 200 ఎంఎం సరిగ్గా సరిపోతుంది. మిద్దె మీద నుంచి, కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దు జనం మధ్య ఎదురుగా దూసుకొస్తుంటే 1/1000 వేగంతో వరుసగా తీయవచ్చు. వీధి పొడవంతా దగ్గరికి జరిగినట్టు కనిపించి, ఎద్దు వెనుకనున్న గుంపు గోడలా నిలుస్తుంది.

బరువు 1490 గ్రాములు, బాడీతో కలిపితే 2.4 కిలోలు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) కబడ్డీకి పనికొస్తుంది, జాతరలో దాన్ని నిలబెట్టే జాగా దొరకదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు లెన్సు వెనుక నుంచి టార్చి వేసి ఫంగస్ చూసుకోవాలి. 2018లో వచ్చిన మూడో తరంలో గాజు అమరిక పాతదే, పూత మాత్రమే మారింది. కాబట్టి దానికోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు. మిర్రర్‌లెస్ బాడీలకు వచ్చిన ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/2.8 మొదటి రకం 1070 గ్రాములే కావడం నా భుజానికి ఆశ పుట్టిస్తుంది గానీ, అది ఎక్స్‌టెండరు (లెన్సుకూ బాడీకీ మధ్య తగిలించి దూరం పెంచే భాగం) తీసుకోదు. పగటిపూట మ్యాచులకు 1.4 రెట్ల ఎక్స్‌టెండరుతో 280 ఎంఎం ఎఫ్/4 చేసుకునే వెసులుబాటు పాతదానిలోనే ఉంది కనుక ఇంకా మారలేదు.