గట్టి గుండె, నీరసించిన గుండె: కాల్షియం ఎటు పోతుంది?

అమలాపురంలో నాన్నకి ఎకో (గుండె స్కాన్) తీయించి వస్తుంటే, కాలువ తూము దగ్గర ఈ పోలిక తట్టింది.

గట్టి గుండె కణంలోకి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటి నుంచి కొంచెం కాల్షియం వస్తుంది. దాంతో లోపలి గిడ్డంగి తలుపులు తెరుచుకుని ఇంకా ఎక్కువ కాల్షియం వదులుతాయి, కండరం బిగుస్తుంది. వెంటనే సెర్కా అనే పంపు దాదాపు 70 శాతాన్ని తిరిగి గిడ్డంగిలోకి తోడేస్తుంది.

నీరసించిన గుండెలో ఆ పంపు పని మందగిస్తుంది. తలుపులూ సరిగ్గా మూసుకోవు. తూము షట్టర్ కింద నీళ్లు జారినట్టు, కొట్టుకోని క్షణంలోనూ కాల్షియం కారుతుంది. అందులో కొంత సోడియంతో మార్పిడై కణం దాటిపోతుంది. ఆ మార్పిడే ఒక్కోసారి లయ తప్పిస్తుంది. నిల్వ తరిగి బిగువు తగ్గుతుంది, తోడటం ఆలస్యమై వదులవడమూ ఆలస్యమవుతుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ బెంగ. సరిగ్గా వదులవని గుండె రక్తంతో హాయిగా నిండదు. మెట్లెక్కితే నాన్నకొచ్చే ఆయాసంలో దాని వాటా ఉంది.